సంతకం పెట్టిన ఖాళీ కాగితాలు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఐదుగురు ఉన్నారు. కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్న తండ్రి అబ్రహాము. కంచాలు పెట్టాలా, తీయాలా తెలియక వాటిని చేతిలో పట్టుకుని నిలబడ్డ తల్లి సౌభాగ్యమ్మ. చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా విప్పి బనీనుతో కూర్చున్న అన్న సుందర్‌రాజు. పటాన్‌చెరు నుంచి పొద్దున బస్సుకు వచ్చిన మేనమామ పౌలు. ఐదోది సుకుమారి. వదిన లీలమ్మ కాన్పుకని జోగిపేటలో తల్లిగారింటికి పోయింది. ఉంటే ఆమె కూడా ఆనాడు పస్తే.

కోడికూర గిన్నె మీద పెట్టిన మూత పెట్టినట్టే ఉంది.

"ఇంకొక్కసారి అడుగుతున్న," అన్నది సుకుమారి. "నా పేరు ఎవరు తీసిన్రు?"



నిన్న నాలుగు గంటలకు సంగారెడ్డి కోర్టు వరండాలో, పోటీలో మిగిలిన వాళ్ల పేర్లు అంటించారు. జిల్లా కోర్టుల స్టెనో టైపిస్టుల సంఘం కార్యవర్గానికి తొమ్మిది స్థానాలు. పదకొండు పేర్లు ఉండాలి. పదే ఉన్నాయి. సుకుమారి వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. తన పేరు లేదు.

ఎన్నికలు జరిపిస్తున్న సూపరింటెండెంటు సూర్యారావును అడిగితే, ఆయన బీరువాలోంచి ఒక కాగితం తీసి చూపించాడు. ఇంగ్లీషులో టైపు కొట్టిన మూడు వరుసలు. సొంత కారణాల వల్ల నా నామినేషన్ వెనక్కి తీసుకుంటున్నాను అని. తేదీ ఏడు, సెప్టెంబరు, 1973. కింద సుకుమారి సంతకం. ఎవరో దించిన సంతకం కాదు. ఆమెదే. దాని పక్కనున్న సాక్షి సంతకాన్ని, కాగితం పట్టుకున్న సూర్యారావు బొటనవేలు కప్పేసింది.

"ఏమమ్మా, నీ దస్కతేనా?" అన్నాడాయన.

"నాదే," అన్నది సుకుమారి.

ఆ ఒక్క మాట ఎందుకన్నానా అని నిన్నటి నుంచి ఆమె తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

"దస్కత్ నీదేనని నువ్వే అంటివి," అన్నాడు సుందర్‌రాజు, నేల చూస్తూ. "ఇగ మమ్ముల అడుగుడేంది? నువ్వే వాపస్ తీసుకొని యాది మరిచినవేమో."

పౌలు ఫక్కున నవ్వాడు. "అల్లుడా, నామినేషన్ యాది మరిచేటందుకు అదేమన్న గొడుగా? బస్సుల వదిలిపెట్టి వచ్చేటందుకు?"

"మామా, నువ్వు జెర ఊకో. ఇది మీ ఫ్యాక్టరీ యూనియన్ కాదు."

"ఊకుంట. బుక్కెడు అన్నం పెడితే తినుకుంట ఊకుంట. మా అక్క పెడుతలేదు గద."

సౌభాగ్యమ్మ తమ్ముడి వైపు ఒక చూపు చూసింది. పౌలు నోరు మూసుకున్నాడు.

"అన్నా," అన్నది సుకుమారి. ఆమె గొంతు ఇంట్లో ఎన్నడూ పెద్దగా వినపడేది కాదు. ఇప్పుడూ పెద్దగా లేదు. "ఆ కాగితంల మూడు కామాలున్నయి. మూడింటి కాడ బొక్కలు పడ్డయి."

సుందర్‌రాజు తల ఎత్తాడు.

ఎనిమిదేండ్ల కింద ఈ అర్రలోనే, మిషన్ బడి నుంచి అడిగి తెచ్చిన టైపు మిషను మీద, అక్షరాలు కనపడకుండా చెల్లెలి చేతుల మీద తువ్వాల కప్పి, టైపు నేర్పినవాడు సుందర్‌రాజే. షార్ట్‌హ్యాండ్ నేర్పిందీ అతనే. అన్ని మీటలూ మెత్తగా కొడతాడు, కామా దగ్గరికి వచ్చేసరికి అతని మధ్యవేలు సుత్తె అవుతుంది. అతను కొట్టిన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే సూదితో పొడిచినట్టు ఉంటుంది. అన్నాచెల్లెళ్లు పనిచేసే కోర్టు నకళ్ల సెక్షనులో దాని మీద పరాచికాలు కూడా ఉన్నాయి.

"నువ్వే కొట్టినవ్," అన్నది సుకుమారి.

అతను బనీను మీద లేని దుమ్మును దులుపుకున్నాడు.

కాగితం కొట్టింది అన్న అయితే, దాని కింద చెల్లెలి సంతకం ఎట్లా వచ్చింది? అది ఈ ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర లేదు. కోర్టులో ఐదు గంటలు కొట్టగానే ఆడవాళ్లు ఇండ్లకు పోవాలి. దీపాలు పెట్టినాక ఆడవాళ్లు ఆఫీసులో ఉండరాదని ఎప్పుడో ఎవరో అన్నారు, అదే నడుస్తున్నది. కానీ మర్నాడు పొద్దున ఇవ్వవలసిన తీర్పుల, వాంగ్మూలాల నకళ్లు ఐదు గంటలకు పూర్తి కావు. మొదలుపెట్టిన టైపిస్టు సంతకం ప్రతి పేజీ కింద లేకపోతే నకలు చెల్లదు. అందుకని ఆడవాళ్లు నాలుగైదు ఖాళీ కాగితాల అడుగున సంతకాలు పెట్టి, ఆగిపోయే మగవాళ్ల చేతికిచ్చి బస్సుకు ఉరుకుతారు. మిగతా పేజీలు వాళ్లు కొడతారు. ఐదుగురు ఆడవాళ్లూ అంతే. సూపరింటెండెంటుకు తెలుసు. అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

మిగతా నలుగురూ పరాయివాళ్ల చేతిలో పెట్టి పోతారు. సుకుమారి తన కాగితాలు అన్న చేతిలో పెట్టి వచ్చేది. ఆ ఐదుగురిలో తనకే భయం లేదనుకునేది.

"నేను సెక్రటరీకి నిలవడ్డ," అన్నాడు సుందర్‌రాజు చివరికి. "ఒక్క ఇంట్లకెల్లి ఇద్దరు నిలవడితే ఓట్లు చీలుతయి. సూర్యారావు సారు నన్ను పిలిచి మంచిగ చెప్పిండు. చెల్లెను ఆపుకో, నీకు నేనున్న అన్నడు."

"నాకు చెప్పినవా?"

"చెప్తే ఇంటివా? ఆ జిన్నారం దిక్కు పోశమ్మ కేసు పట్టుకొని నువ్వు ఊరంత తిరుగుతున్నవ్. సగం మంది స్టాఫ్ మనమంటే మండుతున్నరు."

"మండని," అన్నది సుకుమారి. "ఆ దినం కోర్టు హాల్ల కూసొని ఆమె వాంగ్మూలం రాసింది నువ్వే గద అన్నా. ఏం రాసినవో చెప్పు మామకు."

"జడ్జిగారు చెప్పింది రాసిన. ఆమె జవాబియ్యలే. ఇయ్యలేదని రాసిన."

"ఎట్ల ఇస్తది? వకీళ్లు, పోలీసులు, బంట్రోతులు, అందరు మొగోళ్లు. నడుమ ఆమె ఒక్కతి. ఆమెకు జరిగిన అన్యాయం ఆమె నోటితోనే చెప్పుమంటిరి. మమ్ముల మాత్రం ముందుగాలనే బయటికి పంపితిరి. ఆడపిల్లలు ఇనే మాటలు కావు, పోండ్రి అంటిరి. ఆమె ఆడది కాదా? ఆమె చెప్పొచ్చు గని మేము ఇనొద్దా?"

"గది కోర్టు పద్ధతి."

"‘సాక్షి జవాబు చెప్పలేదు.’ ఆ వరుస నకల్ల ఎనిమిదిసార్లు ఉన్నది. ఎనిమిదిసార్లు నేనే కొట్టిన. నువ్వు నా పక్కల నిలవడితే చెప్తనని ఆమె వరండాల నన్ను పట్టుకొని అన్నది. గది ఏ కాగితంల లేదు. కేసు కొట్టేసిన్రు. అటువంటి కేసు వచ్చిన్నాడు ఒక ఆడమనిషిని రాయనియ్యాలె అని నేను సంఘాన్ని అడిగిన. సూర్యారావు సారు ఏమన్నడు? డ్యూటీల సంగతి కార్యవర్గం చూసుకుంటదన్నడు. సరే, ఆ కార్యవర్గంలకే వస్తనన్న. గంతే గద నేను చేసింది!"

ఇంత పొడుగు మాట సుకుమారి నోటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు. చెప్పడం అయినాక ఆమె చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

"ఆదివారం పూట గా ముచ్చట్లేందే ఇంట్ల," అన్నది సౌభాగ్యమ్మ మెల్లగా. "పక్కింటోళ్లు ఇంటరు."

"ఇననియ్యి అమ్మా. పొద్దుగాల చర్చిలనే అడిగిన్రు. నిలవడ్డవంట గద, ఎందుకు తప్పుకున్నవని. నేను తప్పుకోలే అని చెప్పాలెనా? మా అన్న తప్పించిండని చెప్పాలెనా?"

సుందర్‌రాజు లేచాడు. "చాలు ఇగ. అయిపోయింది."

"కాలే. సాక్షి దస్కత్ ఎవరిది?"

అతను లేచినవాడు లేచినట్టే ఆగిపోయాడు. సౌభాగ్యమ్మ చేతిలోని కంచాలు ఒకదానికొకటి తగిలి చప్పుడైంది. ఆమె భర్త వైపు చూసి, చూపు తిప్పుకుంది. ఆ చూపు చాలు, సుకుమారికి అర్థమైపోయింది. అయినా అడిగింది.

"నాయినా?"

అబ్రహాము గోడ మీది నుంచి కండ్లు తీయలేదు. ముప్పై ఒక్క ఏండ్లు మిషన్ బడిలో పంతులుగా చేసిన మనిషి. పక్కవాని పలక చూసి రాసిన పిల్లలను ఎండలో నిలబెట్టిన మనిషి.

"నాదే బిడ్డా," అన్నాడు.

"చదివే పెట్టినవా?"

"చదువలే."

"నువ్వు చదువకుండ దస్కత్ పెట్టుడు నేనెన్నడు చూడలే నాయినా. పాలోని చీటి సుత చదివే పెడుతవ్."

అబ్రహాము చూపును గోడ మీంచి తన కుడిచేతి మీదికి దించుకున్నాడు. తర్వాత అన్నాడు: "చదివితే పెట్టకపోదును. గందుకే చదువలే."

పౌలు కుర్చీలో కదిలాడు. అతని ముఖంలో నవ్వు పోయింది.

"నేను పక్క అర్రలనే ఉంటి గద," అన్నది సుకుమారి. "ఒక్క కేక వేస్తే వద్దును. అడిగితే చెప్పుదును."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. సౌభాగ్యమ్మ కంచాలు తీసుకుపోయి గూట్లో పెట్టేసింది. ఇంక ఆ పూట అన్నం సంగతి ఎవరూ ఎత్తరని ఆమెకు తెలిసిపోయింది.

పౌలు గొంతు సవరించుకున్నాడు. "రేపు పదకొండు గంటల దాక అభ్యంతరాలు తీసుకుంటమని నోటీసుల రాసిన్రు గద. మాకు సుత అట్లనే ఉంటది. రాసియ్యి బిడ్డా. నేను పెట్టిన దస్కత్ ఖాళీ కాగితం మీద, పైన మాటలు నావి కావు అని రాయి. వాళ్ల బీరువలకెల్లి కాగితం బయటికి తియ్యమను."

సుందర్‌రాజు నవ్విన నవ్వు సుకుమారి ఎన్నడూ చూడనిది.

"రాయమను మామా. ఏమని రాస్తది? సర్కారీ నకళ్ల కింద నేను ఉత్త కాగితాల మీద దస్కత్ పెట్టి ఇంటికి పోత అని రాస్తదా? రాసిన గడియల నౌకరి పోతది. ఆమెదొక్కతిదే పోతదా? మిగిలిన నలుగురిని పిలుస్తరు. పాత నకళ్లన్ని తీస్తరు. వాటి మీద కొట్టిన మొగోళ్లను పిలుస్తరు. నన్ను పిలుస్తరు." అతని గొంతు సన్నబడింది. "లీలమ్మకు ఇయ్యాలో రేపో నొప్పులొస్తయి. రాయమను."

సుకుమారికి ఒళ్లు మండిపోయింది. అతను అబద్ధం చెప్తే అంత మండేది కాదు. అతను చెప్పిన ప్రతి మాటా నిజం. తనను ఇంటికి పంపించడానికి పెట్టిన పద్ధతే తన మెడకు చుట్టుకుంది. ఆ పద్ధతి పెట్టినవాళ్ల మెడకు మాత్రం ఏమీ చుట్టుకోదు.

"అన్న ముఖం చూసి ఊకోయే," అన్నది సౌభాగ్యమ్మ. "వచ్చే ఏడాది నిలవడుదువు గని."

"వచ్చే ఏడాది ఎవరి దస్కత్ మీద ఎవరు కొడుతరో అమ్మా."

సుకుమారి మూలన ఉన్న చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?"

"పటాన్‌చెరుకు. కౌసల్యక్క ఇంటికి. నామినేషన్ల నా పేరు పెట్టింది ఆమె. ఆమె సుత ఖాళీ కాగితాల మీద దస్కత్ పెడుతది. ఆమెకు చెప్పకుండ రాస్తే నాకు మీకు ఫరకేముంది?"

ఎట్లాగూ నాలుగు గంటల బస్సుకు పోవలసిన పౌలు కూడా లేచాడు. లేస్తూ అక్కతో గొణిగాడు, "ఆ కూర జెర డబ్బల కట్టియ్యరాదు. కోడి ఏం పాపం చేసింది?"

ఈసారి సౌభాగ్యమ్మ తిట్టలేదు. కట్టి ఇచ్చింది.

బస్సులో కిటికీ పక్క సీటు మేనకోడలికిచ్చి పౌలు ఇవతల కూర్చున్నాడు. కంది దాటింది, రుద్రారం దాటింది. ఇస్నాపూర్ వచ్చేసరికి రోడ్డు పక్క చేన్ల నడుమ కొత్తగా కట్టిన ఫ్యాక్టరీ గోడలు మొదలయ్యాయి. జొన్న చేను, గోడ, మళ్లీ జొన్న చేను, మళ్లీ గోడ.

"రాస్తవా?" అన్నాడు పౌలు.

"కౌసల్యక్క సరే అంటే రాస్త."

"వద్దంటే?"

సుకుమారి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. పౌలు మళ్లీ అడగలేదు. పటాన్‌చెరు బస్టాండులో దిగినాక, పాత బజారు సందు మొదట్లో ఆగి, "నేను హోటల్ కాడ చాయ్ తాగుకుంట ఉంట. జల్దీ రా," అన్నాడు.

కౌసల్య ఇల్లు సందు చివర. ఆమె భర్త సత్తయ్యకు ఒకప్పుడు మూడెకరాలుండేవి. ఆ భూమి మీద ఇప్పుడు ఫ్యాక్టరీ ఉంది. సత్తయ్య దాని గేటు దగ్గర నిలబడి వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకుంటాడు. మెట్రిక్ దాకా చదువుకున్న కౌసల్య రోజూ పొద్దున బస్సుకు సంగారెడ్డి పోయి, ఐదు గంటలకు మళ్లీ బస్సుకు ఉరుకుతుంది.

"ఏందే, గిట్ల వచ్చినవ్?" అన్నది కౌసల్య, వాకిట్లో తడిచేతులు తుడుచుకుంటూ. "కూసో. నీ మీద మస్తు కోపంగున్న నేను. నిన్న బోర్డు చూసి పోయిన. పేరెందుకు తీసుకున్నవ్? నన్ను ముందల నిలవెట్టి నువ్వు ఎన్కకు జరుగుతవా?"

"నేను తీసుకోలే అక్కా. మా అన్ననే ఆ కాగితం టైపు కొట్టిచ్చిండు."

కౌసల్య చేతులు తుడుచుకోవడం ఆపింది.

"నీ అన్ననా?"

"ఆఁ. సూర్యారావు సారు చెప్పిండట."

"థూ!" అన్నది కౌసల్య. "ఏం మనుషులే వీళ్లు! తోడబుట్టినదాని పేరు కొట్టేసి సెక్రటరీ అయితడా? నువ్వు ఊకోకు. రేపు పొద్దుగాల రాసియ్యి. నేను పక్కల నిలవడుత. వరండాల అందరు ఇనేటట్టు నేనే చదువుత. చూస్తమా ఏం జేస్తరో!"

నిన్నటి నుంచి సుకుమారి గుండెల మీద ఉన్న బరువు ఆ క్షణంలో దిగింది. కండ్లల్లో నీళ్లు వచ్చాయి. ఇంట్లో రానివి ఇక్కడ వచ్చాయి.

"మరి కింద దస్కత్?" అన్నది కౌసల్య. "దొంగ దస్కత్ పెట్టిండా? గదే రాయి ముందుగాల."

"దస్కత్ నాదే అక్కా. ఖాళీ కాగితం మీదిది."

లోపల కౌసల్య అత్త దగ్గుతున్న చప్పుడు వినపడింది.

కౌసల్య ఒకసారి లోపలికి చూసి, నాలుగు అడుగులు నడిచి గడప దగ్గరికి పోయింది. ఆమె ముఖంలోని ఎరుపంతా దిగిపోయింది.

"గది రాస్తవా?"

"రాయకుంటే వాళ్లు నమ్మరు. దస్కత్ నాదేనని నేనే ఒప్పుకున్న."

"నీ కాగితం అని రాస్తవా, మన కాగితాలు అని రాస్తవా?"

"నాదని ఒక్కటే రాస్త. ఎవ్వరి పేరు రాయ."

"పిచ్చిదానా. నీది అన్నంక నాది అడుగరా? రెండేండ్ల సంది నేను దస్కత్ పెట్టి పోయిన కాగితాలు ఎన్ని ఉన్నయో నాకే తెల్వదు. నాకైతే నీ లెక్క అన్న సుత లేడు. ఎవని చేతిల పడ్డయో, వాడేం కొట్టిండో. ఒక్క వకీలు లేచి అడిగితే చాలు." ఆమె గొంతు తగ్గించింది. "దసరా ఎల్లినంక నాకు పర్మనెంట్ ఆర్డరు వస్తది సుకుమారీ. భూమి పోయింది. ఈయన గేటు కాడ నౌకరి ఇయ్యాల ఉంటది, రేపు ఉండది. నువ్వు నిలవడుతనంటే సంబురపడ్డ. నిలవడుమన్న. గిట్ల చెయ్యుమన్ననా?"

"మనం ఊకుంటే వాళ్లు రేపు ఇంకోదాని మీద కొడుతరు అక్కా. నీ మీదనే కొట్టొచ్చు."

"కొట్టినప్పుడు చూసుకుంట."

"పోశమ్మ..."

"ఆమె పేరు తియ్యకు," అన్నది కౌసల్య కోపంగా. కానీ ఆ కోపంలో ఏడుపు కలిసి ఉంది. "ఆమె ముఖం నాకు యాదికి లేదనుకున్నవా? నేను సుత ఆ దినం వరండాలనే ఉంటి."

లోపల నుంచి ముసలామె గొంతు వినపడింది. "కౌసల్యా, ఎవరే వచ్చింది?"

"ఎవరు లేరు అత్తా," అన్నది కౌసల్య.

ఎదురుగా నిలబడి ఉన్న సుకుమారి ఆ మాట విన్నది. కౌసల్య చూపు దించుకోలేదు. గడప లోపలికి అడుగు వేసి, తలుపు రెక్క మీద చేయి పెట్టింది.

"ఒక్కటే అడుగుత. నిజం చెప్పు. నేను వద్దంటే, రేపు రాస్తవా రాయవా?"

రాయను అంటే చాలు. ఆ తలుపు బార్లా తెరుచుకుంటుంది. అక్క లోపలికి పిలిచి చాయ్ ఇస్తుంది. బస్సులో మామ అడిగినప్పుడు తన దగ్గర జవాబు లేదు. ఇంటి దగ్గర అమ్మ ఊకొమ్మన్నప్పుడూ రాస్తాననో రాయననో చెప్పలేదు. ఇప్పుడు ఆమె నోరు తెరిచింది.

"రాస్త అక్కా," అన్నది సుకుమారి.

కౌసల్య ఆమెను ఇంకొక క్షణం చూసింది. తిట్టలేదు. బతిమాలలేదు. లోపల అత్తకు వినపడకుండా, చప్పుడు కాకుండా, రెండు రెక్కలూ దగ్గరికి లాగి తలుపు మూసింది. తర్వాత గడియ పడింది.